ఈ మధ్య ఏం వింటున్నారు? - మాన్వి శ్రోతల సంభాషణపై ఒక పరిశీలన

సంగీతం మీద ఇష్టం ఉన్నవాళ్ళు ఇద్దరు ఎదురుపడితే, ఆరోగ్యం, పిల్లల చదువులు అయిపోయిన తరువాత వచ్చే ప్రశ్న ఒకటి ఉంది: "ఈ మధ్య ఏం వింటున్నారు?" దీనికి వచ్చే జవాబులను మేము చాలాకాలంగా గమనిస్తూ వస్తున్నాం. అవి దాదాపుగా ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ముందు గాయకుడి పేరు, ఆ వెనక రాగం పేరు, మరీ ఇష్టమైనదైతే ఏ సంవత్సరపు కచేరీ అన్న సమాచారం, చివర "అద్భుతం" అన్న మాట. పాటలో ఏముందో మాత్రం ఆ జవాబులో ఉండదు. అడిగినవారూ దాన్ని అడగరు. ఇది తెలుగువారికే ప్రత్యేకమైన అలవాటు కాదు. కానీ దక్షిణాదిన కచేరీలో వినబడే మాటల్లో చాలాభాగం తెలుగే కనక, ఈ మౌనం ఇతరులకన్నా మనకే ఎక్కువ నష్టమని మా అభిప్రాయం. తెలుగుదేశానికి వెలుపల తెలుగు చదువుకుంటున్న విద్యార్థులకు మరీ నష్టం.

ఈ ఆలోచన మాకు స్పష్టపడింది మాన్విలో. రాయచూరు జిల్లాలోని ఈ తాలూకా కేంద్రాన్ని మన విద్యార్థుల్లో కొందరు బస్సు కిటికీలోంచే చూసి ఉంటారు. కన్నడ హరిదాస సాహిత్యానికి మాత్రం ఇది పుట్టిల్లు లాంటి చోటు. విజయదాసు (1682-1755) ఈ తాలూకాలోని చీకలపర్విలో పుట్టాడు. 'హరికథామృతసార' రాసిన జగన్నాథదాసు మాన్విలోనే ఉండి 1809లో ఇక్కడే కన్నుమూశాడు. భాద్రపద శుద్ధ నవమినాడు ఆయన ఆరాధన జరుగుతుంది. కొన్నేళ్ళ కిందట ఆ ఆరాధనకు వెళ్ళినప్పుడు, సాయంత్రం ఒక ఇంటి అరుగు మీద నలుగురైదుగురు శ్రోతల మధ్య కూర్చునే అవకాశం మాకు దొరికింది. ప్రశ్న మామూలుగానే వచ్చింది.

అక్కడున్న పెద్దాయన ఒకరు కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతు కుటుంబీకులు. తుంగభద్ర ఎడమ కాలువ కింద భూములు కొనుక్కుని 1950ల నుంచి అలా వచ్చినవారి ఊళ్ళను ఇక్కడ ఇప్పటికీ 'క్యాంపు' అనే అంటారు. ఆయన అన్నారు: "బాలమురళిగారి రామదాసు కీర్తనలండీ. నలభై ఏళ్ళుగా అవే. మధ్యలో వేరేవి విన్నా మళ్ళీ అక్కడికే వస్తాం." ఆయన పక్కన కూర్చున్న కన్నడ ఆచార్యులవారు, ఈ సరిహద్దు ప్రాంతాల పెద్దలందరిలాగే తెలుగు మాట్లాడతారు. "నేను భీమసేన జోషిగారి దాసవాణి వింటున్నాను. పొద్దున పూజకు ముందు ఒకటి, రాత్రి ఒకటి." కర్నూలు నుంచి బదిలీ మీద వచ్చిన ఉద్యోగిని ఒకామె ఉన్నారు. "పినాకపాణిగారి పాత పాట ఒకటి ఎవరో ఫోనులో పంపారు సార్. కాంభోజి. వారం నుంచి అదే."

మూడు జవాబులూ చక్కనివే. మూడింటిలోనూ పాట లేదు.

ఆచార్యులవారి జవాబుతో మొదలుపెడదాం. భీమసేన జోషి (1922-2011) మాతృభాష కన్నడం. కిరాణా ఘరానా శిక్షణ ఆయనది. దాసుల పదాలను ఆయన పాడిన తీరులో మాకు నచ్చేది గొంతులోని బలం కాదు, దాన్ని అందరూ మెచ్చుకున్నారు. ఒకే మాటను పదేపదే పాడుతూ, ప్రతిసారీ దాని కింద రాగాన్ని కొంచెం జరుపుతారు. మాట మాత్రం కదలదు, నేలలో పాతిన రాయిలా ఉంటుంది. అర్థం తెలిసినవాడికి అది జపంగా వినిపిస్తుంది, తెలియనివాడికి తాన్‌కు ఆధారంగా వినిపిస్తుంది. ఇద్దరూ "అద్భుతం" అనే అంటారు, కానీ ఇద్దరు విన్నదీ ఒకటి కాదు. ఇంకొక సంగతి ఉంది. దాసుల పదాలకు త్యాగరాజ కీర్తనలకున్నట్టు ఖాయమైన వరుసలు తక్కువ. కచేరీలో ఒక రాగంలో విన్న పదమే హిందుస్తానీ గాయకుడి నోట మరొక రాగంలో, భజన గోష్ఠిలో ఇంకొక వరుసలో వినబడుతుంది. కనక 'ఫలానా రాగం వింటున్నాను' అన్న జవాబు కృతి విషయంలో కొంత సమాచారం ఇస్తుందేమో గాని, దాస పదం విషయంలో దాదాపు ఏమీ చెప్పదు. అక్కడ నిలిచేది మాటే.

క్యాంపు పెద్దాయన బాలమురళిని ఎందుకు విడవరో అడిగాం. "మాట తెలుస్తుందండీ. మిగతావాళ్ళు త్యాగరాజుల వారిని ముక్కలు చేస్తారు." ఇది మనలో తరతరాలుగా ఉన్న ఫిర్యాదు. తెలుగు రానివారు పాడితే మాట విరుగుతుంది, దీర్ఘం హ్రస్వమవుతుంది, ఒత్తు పోతుంది. ఫిర్యాదు అబద్ధం కాదు. ఎదుటిపక్షం ఫిర్యాదు కూడా గుర్తుంచుకోవాలి: తమకు అర్థంకాని భాషలో కచేరీ అంతా ఎందుకు వినాలని 1940లలో తమిళ ఇసై ఉద్యమం అడిగింది. అది న్యాయమైన ప్రశ్న. దానికి మనం ఇచ్చిన జవాబు చాలావరకు 'తెలుగు తీయన' అన్న పొగడ్త మాత్రమే. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి అన్నమయ్యను పాడినప్పుడు మాట కోసం పడ్డ శ్రమను వినేవారెవరైనా గుర్తించగలరు. ఆమె తెలుగావిడ కాదు. తెలుగు గాయకులందరూ ఆ శ్రమ పడ్డారని మనం చెప్పలేం.

అయితే 'ముక్కలు చేయటం' అన్న మాటను కొంచెం నిలిపి చూడాలి. మాట విరగటం ఎప్పుడూ తప్పేనా?

వాడుక భాషలోంచి ఒక వాక్యం తీసుకుందాం: "ఊరికెప్పుడొచ్చావు?" ఊరికి, ఎప్పుడు అన్న రెండు మాటల మధ్య ఇకారం లోపించి 'ఊరికెప్పుడు' అయింది. ఈ వాక్యాన్ని ఎవరైనా పాడుతూ, తాళం దెబ్బకోసమో ఊపిరికోసమో 'ఊరికె' దగ్గర ఆగారనుకోండి. వినేవాడికి 'ఊరికే' అన్న వేరే మాట వినబడుతుంది. పనిలేక వచ్చాడన్న అర్థం తోస్తుంది. ఇది చెడ్డ విరుపు. అదే గాయకుడు 'ఊరి' దగ్గర ఆగి 'కెప్పుడొచ్చావు' అని అందుకుంటే, మాట విరిగినా మరొక మాట పుట్టలేదు. తెలుగు చెవి ఆ రెండు ముక్కలనూ తానే అతుక్కుంటుంది. వ్యాకరణం ప్రకారం రెండూ విరుపులే. వినికిడి ప్రకారం ఒకటి తప్పు, ఒకటి కాదు. త్యాగరాజు కీర్తనల్లో ప్రాస, యతి పాటిస్తాడు. పాదం రెండో అక్షరం ప్రాసకు కుదరాలి, యతిస్థానం తాళంలో ఒక దెబ్బకు కుదరాలి. ఈ రెండు కొలతలకూ సరిపెట్టేటప్పుడు మాట మధ్యలో దెబ్బ పడటం తప్పదు. అంటే గాయకుడి మీద మనం మోపే నేరాల్లో కొన్ని వాగ్గేయకారుడి నిర్మాణంలోనే ఉన్నాయి. అవి నేరాలు కావు. పాడేవాడు విడదీసినదాన్ని వినేవాడు కలుపుకోవాలన్నది ఆ నిర్మాణంలోని ఒప్పందం. భాష వచ్చిన శ్రోతకు ఇక్కడ ఒక పని ఉంది. బాలమురళీకృష్ణ పాడేటప్పుడు ఆ పనిలో సగం ఆయనే చేసి పెడతారు. రామదాసు కీర్తనలు అంతగా ఇళ్ళలోకి చేరటానికి అదొక కారణం. మన చెవికి ఆ తరువాత కాస్త బద్ధకం అలవాటైందేమోనన్న అనుమానం కూడా మాకుంది.

ఆచార్యులవారు అంతసేపూ నవ్వుతూ విన్నారు. తరువాత క్యాంపు పెద్దాయన వైపు తిరిగి, "మరి మీవాళ్ళు దాసర పదాలు పాడేటప్పుడో?" అన్నారు.

అక్కడ మా తెలుగువారందరి తరఫునా మాకూ కొంచెం సిగ్గు వేసింది. క్యాంపుల్లోని భజన గోష్ఠులు దాస పదాలు పాడతాయి, ఇష్టంగానే పాడతాయి. కన్నడ, తెలుగు లిపులు అక్కచెల్లెళ్ళు కావటంవల్ల చదవటం కష్టం కాదు. చిక్కు అక్కడే. చదవగలిగాం కనక వచ్చేసిందనుకుంటాం. పురందరదాసు (1484-1564) కృష్ణనామాన్ని 'కల్లుసక్కరె'తో పోల్చిన పదం ఒకటి ప్రసిద్ధం. కల్లుసక్కరె అంటే కలకండ. కన్నడంలో 'కల్లు' అంటే రాయి, రాయిలాంటి చక్కెర. తెలుగు చెవికి 'కల్లు' అనగానే తాటిచెట్టు గుర్తొస్తుంది. మనం తాగే కల్లు కన్నడంలో 'కళ్ళు'. మన కళ్ళేమో వాళ్ళకు 'కణ్ణు'. ఈ ల-ళ భేదాన్ని మాటల్లో విడిచేసిన తెలుగువారు చాలామంది ఉన్నారు, 'వాళ్ళు'ను 'వాల్లు' అనేవారు మన తరగతిలోనే కనబడతారు. అలాంటి నోటితో కన్నడం పాడితే రాయి ఎక్కడ ఉంటుందో, కల్లు ఎక్కడ ఉంటుందో చెప్పలేం. 'హేళు' అంటే చెప్పు. అందులో ళకారం లకారమైతే వచ్చే మాటను ఈ పత్రికలో రాయలేం. కన్నడ విద్యార్థిని అడిగి తెలుసుకోండి, నవ్వుతాడు. ప-హ ల సంగతి సరేసరి. మన పాలు వాళ్ళ హాలు, మన పులి వాళ్ళ హులి. అచ్చ తెలుగు మాటల మొదట హకారం అరుదు కనక మన నోట అది తేలిపోతుంది.

చెన్నై సభలో త్యాగరాజుకు జరిగిందని మనం బాధపడేది, మాన్విలో జగన్నాథదాసుకు మన చేత జరుగుతున్నది. పెద్దాయన ఒప్పుకున్నారు. "అర్థం అడిగినవాడు లేడండీ ఇన్నాళ్ళూ," అన్నారు. ఆ మాటలో ఫిర్యాదు లేదు. కానీ పక్కపక్క ఇళ్ళలో ఇన్ని దశాబ్దాలు ఉండి, ఒకరి పాట ఒకరు వింటూ, మాట గురించి ఒకరినొకరు అడక్కపోవటం చిన్న విషయం కాదు. "ఏం వింటున్నారు" అని అడగటానికి మొహమాటం లేదు. "అందులో ఆ మాటకు అర్థం ఏమిటి" అని అడగటానికే మొహమాటం, రసికులమన్న పేరు పోతుందేమోనని.

ఇందులో విచిత్రం ఏమిటంటే, మాన్వి తెలుగువారికి జగన్నాథదాసు దగ్గరికి ఒక దగ్గరి దారి ఉంది. దాన్ని వాళ్ళు వాడుకోవటం లేదు. 'హరికథామృతసార' భామినీ షట్పదిలో ఉంది. పదిహేనో శతాబ్దిలో కుమారవ్యాసుడు కన్నడ భారతం రాసిన ఛందస్సు ఇదే. ఆరు పాదాలు. ఒకటి, రెండు, నాలుగు, అయిదు పాదాల్లో మూడు, నాలుగు, మూడు, నాలుగు మాత్రల చొప్పున పద్నాలుగు మాత్రలు. మూడో పాదం, ఆరో పాదం అదే నడకలో పొడుగై, చివర ఒక గురువుతో ఆగుతాయి. ఇప్పుడు గురజాడ అప్పారావు 'ముత్యాల సరాలు' తలుచుకోండి. 1910లో ఆయన తెచ్చిన ఆ నడక కూడా మూడు, నాలుగు, మూడు, నాలుగు మాత్రలే. ఊరికే ఒక పాదం కట్టి చూద్దాం: "ఊరు దాటిన కాల్వ గట్టున." ఊరు మూడు, దాటిన నాలుగు, కాల్వ మూడు, గట్టున నాలుగు. ఇలాంటి పాదాలు నాలుగు కట్టి, నాలుగోదాన్ని తగ్గిస్తే ముత్యాల సరం అవుతుంది. భామినిలో చిన్న పాదానికీ దీనికీ మాత్రల్లో తేడా లేదు. మన లాక్షణికులు రగడల్లో హరిణగతి, వృషభగతి అని చెప్పినవి కూడా ఈ ఏడు మాత్రల నడకలే. సంగీతంలో మిశ్రచాపు అంటే ఇదే లెక్క.

అంటే, బడిలో గురజాడ దేశభక్తి గీతం నేర్చుకున్న ఏ తెలుగు పిల్లవాడికైనా మాన్వి వీధిలో 'హరికథామృతసార' పారాయణ వినబడితే, మాట తెలియకముందే నడక తెలుస్తుంది. ఆ సాయంత్రం ఆచార్యులవారు రెండు పద్యాలు చదివారు. మేము పెద్దాయనను చేత్తో తాళం వెయ్యమన్నాం. ఆయన మూడు, నాలుగు వేస్తూ వేస్తూ మధ్యలో ఆగి, "ఇది మా చిన్నప్పటి పాటండీ!" అన్నారు. ఆయన ఏ పాట అనుకున్నారో మేము అడగలేదు, అడగనవసరం లేకపోయింది.

ఆచార్యులవారు చదివినది కరుణాసంధిలోనిది. ముప్ఫై రెండు సంధుల ఆ గ్రంథంలో ఈ సంధి వినటం గురించే మొదలవుతుంది, హరికథ చెవిని పడితే మనసుకు కలిగేదేమిటో చెబుతూ. దాని తొలి పాదంలోనే, రెండు మాటలు కలిసిన చోట గణం మధ్యలో విరుగుతుంది. రెండో మాటలోని మొదటి అచ్చు ఇటు గణంలో పడుతుంది, మిగతాది అటు గణంలో పడుతుంది. పారాయణ చేసేవారు గణం ప్రకారమే ఊగుతూ చదువుతారు. కన్నడ చెవి దాన్ని కలుపుకుంటుంది. ఎవరూ దాసుగారు మాటను ముక్కలు చేశారనరు. త్యాగరాజు విషయంలో పైన మేము చెప్పిన ఒప్పందమే ఇక్కడా ఉంది. వాళ్ళిద్దరికీ ఒక తరానికి పైగా వయసు తేడా ఉన్నా, ఒకే కాలంలో బతికిన రోజులున్నాయి. 1767లో పుట్టిన త్యాగరాజుకు జగన్నాథదాసు పోయేనాటికి నలభై రెండేళ్ళు. ఒకరు కావేరి తీరంలో తెలుగులో, ఒకరు తుంగభద్రకు ఇవతల కన్నడంలో. త్యాగరాజుకు దాసుల మీద ఎంత గౌరవమో తెలియాలంటే 'ప్రహ్లాద భక్తి విజయం' చాలు. అందులో ఆయన పురందరదాసును స్తుతించాడు. మన రసికులు ఆ దారిన వెనక్కి నడవటం లేదు.

భౌగోళికంగా చూసినా దాసులు ఎవరి సొత్తూ కారు. చీకలపర్విలో పుట్టిన విజయదాసు కన్నుమూసింది ఇప్పటి కర్నూలు జిల్లాలోని చిప్పగిరిలో. ఆయన శిష్యుడు గోపాలదాసు నివసించిన ఉత్తనూరు ఇప్పుడు తెలంగాణలో, గద్వాల ప్రాంతంలో ఉంది. జగన్నాథదాసుకు అంకితం ఇచ్చింది గోపాలదాసే. 1956లో హైదరాబాదు రాష్ట్రాన్ని భాషల ప్రకారం విడదీసినప్పుడు రాయచూరు ఇటు వచ్చింది, గద్వాల అటు వెళ్ళింది. దాసుల గురుపరంపర మూడు రాష్ట్రాల మధ్య పడింది. పటం గీసినవారు దాన్ని చూసి గీయలేదు.

ఇక కర్నూలు ఆమె చెప్పిన పినాకపాణి (1913-2013). శ్రీకాకుళం ప్రాంతం నుంచి వచ్చి, కర్నూలు వైద్య కళాశాలలో ఆచార్యుడుగా పనిచేసి, ఆ ఊళ్ళోనే నూరేళ్ళ దగ్గరదాకా జీవించిన వైద్యుడు. నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం ఆయన దగ్గర నేర్చుకున్నారు. ఆయన పాట కచేరీ జనాన్ని పట్టుకునే పాట కాదు. నిదానం. అచ్చును పట్టుకుని గమకం మీద నడిపిస్తారు, తరువాతి హల్లు కోసం మనం కాచుకోవాలి. బాలమురళి మాటను మన చేతిలో పెడితే, పినాకపాణి దాన్ని మన జ్ఞాపకంలో నిలబెట్టమని అడుగుతారు. మొదటి అక్షరం విన్నప్పుడు మొదలైన మాట చివరి అక్షరం వచ్చేదాకా శ్రోత మోయాలి. ఇందాక చెప్పిన ఒప్పందంలో శ్రోత వంతు ఇక్కడ అన్నిటికన్నా ఎక్కువ. కొందరికి ఇది విసుగు. మాకు కూడా కొన్ని రోజుల్లో విసుగే. కానీ చెవికి పని చెప్పే పాట ఇది, భాష నేర్చుకుంటున్న విద్యార్థి ముందుగా విసుక్కుని తరువాతైనా వినవలసిన పాట.

ఆమెను అడిగాం: "కాంభోజి అన్నారు, పాట ఏమిటి?" ఆమె కొంచెం తడబడి, "రాగమే చూసుకున్నాను సార్," అన్నారు. ఫోను తీసి మళ్ళీ పెట్టారు. గొంతు చాలా మెల్లగా వస్తోంది, వీధిలో ఆరాధన మైకు ఒకటి అడ్డం. పెద్దాయన ముందుకు వంగి చెవి దగ్గర పెట్టుకున్నారు. ఆచార్యులవారు "ఆ మాట ఇంకోసారి," అన్నారు. ఆమె వెనక్కి జరిపారు. ఆ ఒక్క మాట దగ్గర, అది తెలుగేనా సంస్కృతమా, ఎక్కడ విడదీయాలి అని ముగ్గురూ కన్నడ తెలుగులు కలిపి వాదించుకుంటూ ఉండగా మాకు రాయచూరు బస్సు వేళ అయింది.